మన స్వభావం మన ఓటును ఎంతవరకు నడిపిస్తుంది?

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చేయండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కాస్త లెక్కలు కూడా ఉన్న విషయం ఇది, కూర్చుని వింటేనే బాగుంటుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అంటారు కదా. ఆ మాట నూటికి నూరు పాళ్లు నిజమైతే, మన ఓటు కూడా పుట్టుకతోనే ఖరారైపోయి ఉండాలి. అలా ఉందా? ఒకే ఇంట్లో పెరిగి, ఒకే బడిలో చదివి, ఒకే వార్తలు చూసే ఇద్దరు అన్నదమ్ములు చెరో పార్టీకి ఓటేస్తారు. ఆదాయం ఒకటే, కులం మతం ఒకటే, పెంపకం ఒకటే. మరి తేడా ఎక్కడ? ఒకడు కొత్త అంటే ఎగిరి గంతేస్తాడు, ఇంకొకడు ఉన్నది చెడగొట్టకుండా ఉంటే చాలనుకుంటాడు. ఆ తేడాకీ ఓటుకీ ఏమైనా సంబంధం ఉందా? ఈ రోజు మన ప్రశ్న ఇదే.

నేను ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నానో ముందే చెప్పేస్తాను. స్వభావానికీ ఓటుకీ సంబంధం ఉంది. చాలా దేశాల్లో, చాలా సర్వేల్లో కనబడింది. కానీ ఆ సంబంధం చిన్నది. చిన్నది అన్న సంగతి మరిచిపోయినప్పుడే అసలు చిక్కులన్నీ వస్తాయి. పైగా స్వభావం ఒంటరిగా పనిచేయదు, పరిస్థితి దాన్ని తట్టి లేపాలి. ఈ రెండూ గుర్తుంచుకోండి చాలు, మిగతాదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

స్వభావం అంటే ఏమిటి, దాన్ని ఎలా కొలుస్తారు? 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ పెద్ద ఇంగ్లిష్ నిఘంటువు ముందేసుకుని, మనిషి తీరును చెప్పే మాటలన్నీ ఏరారు. దాదాపు 18,000 తేలాయి. తర్వాతి దశాబ్దాల్లో వేరేవాళ్లు వాటిని గుంపులు గుంపులుగా కుదించుకుంటూ వచ్చారు. 1961లో అమెరికా వైమానిక దళం కోసం పనిచేస్తున్న టూప్స్, క్రిస్టల్ అనే పరిశోధకులకు ఎలా లెక్కేసినా ఐదు గుంపులే మళ్లీ మళ్లీ వచ్చాయి. వాటినే ఇప్పుడు బిగ్ ఫైవ్ అంటున్నారు. కొత్తదనం మీద ఆసక్తి ఒకటి. పని పద్ధతిగా, బాధ్యతగా చేసే గుణం రెండు. నలుగురిలో కలిసిపోయే చొరవ మూడు. ఎదుటివాళ్లతో సర్దుకుపోయే మెత్తదనం నాలుగు. ఊరికే కంగారుపడే, టెన్షన్ పడే గుణం ఐదు. ఇవి ఉన్నాయా లేవా అని కాదండీ, ఎంతెంత ఉన్నాయి అన్నదే లెక్క. మీలోనూ ఐదూ ఉన్నాయి, నాలోనూ ఐదూ ఉన్నాయి. ఇవి రాతి మీద గీతలు కూడా కావు. వయసు పెరిగేకొద్దీ సగటున మనుషుల్లో బాధ్యత పెరుగుతుందనీ, కంగారు తగ్గుతుందనీ ఏళ్ల తరబడి చేసిన పరిశీలనల్లో తేలింది. పుడకల దాకా ఆగక్కర్లేదన్నమాట.

ఇక ఓటు దగ్గరికి వద్దాం. అన్నిటికంటే తరచుగా కనబడే ఫలితం ఇది. కొత్తదనం మీద ఆసక్తి ఎక్కువున్నవాళ్లు ఉదారవాదం వైపు, వామపక్షం వైపు కాస్త ఎక్కువగా మొగ్గుతారు. పద్ధతి, క్రమం ఎక్కువగా కోరుకునేవాళ్లు సంప్రదాయవాద పార్టీల వైపు కాస్త ఎక్కువగా మొగ్గుతారు. మిగతా మూడు గుణాల సంగతి అంత తేటగా లేదు, ఒక సర్వేలో ఒకలా, ఇంకో సర్వేలో ఇంకోలా వస్తుంది. వాటి మీద ఎక్కువసేపు ఆగను.

2008లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం సంగతి చెబుతాను, వినడానికి సరదాగా ఉంటుంది. కార్నీ, జోస్ట్, మరికొందరు పరిశోధకులు మనుషుల్ని అడగడంతో ఆగలేదు, వాళ్ల గదులు చూశారు. కాలేజీ విద్యార్థుల పడగ్గదులు. ఏయే వస్తువులున్నాయో ఒక్కొక్కటీ రాసుకున్నారు. సంప్రదాయవాదులమని చెప్పుకున్నవాళ్ల గదుల్లో క్యాలెండర్లు, పోస్టల్ స్టాంపులు, దారం ఉండలు, ఇస్త్రీ పెట్టె, ఇస్త్రీ బల్ల లాంటివి ఎక్కువగా కనబడ్డాయి. ఉదారవాదులమని చెప్పుకున్నవాళ్ల గదుల్లో రకరకాల పుస్తకాలు, రకరకాల సంగీతం సీడీలు, బొమ్మలు గీసుకునే సామాను, మ్యాపులు ఎక్కువగా ఉన్నాయి. క్యాలెండరు అంటే ఏమిటి? రేపు ఏం చేయాలో ఈ రోజే తెలిసి ఉండాలన్న కోరిక. మ్యాపు అంటే ఏమిటి? ఇంకా వెళ్లని చోటు మీద మనసు. స్వభావం గోడ మీదా, బల్ల మీదా కూడా కనబడుతోంది.

ఇంతవరకు విని, మీలో కొందరు ఇప్పటికే పక్కవాళ్ల గది ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నారు. ఆగండి. ఇక్కడే నిదానించాలి.

ఈ సంబంధం ఎంత గట్టిది? 2012లో సిబ్లీ, ఆస్బోర్న్, డకిట్ అనే పరిశోధకులు అప్పటివరకు వచ్చిన అధ్యయనాలను పోగేసి, 71,895 మంది సమాచారాన్ని ఒకచోట లెక్కగట్టారు. కొత్తదనం మీద ఆసక్తికీ రాజకీయ మొగ్గుకీ మధ్య వచ్చిన సహసంబంధం 0.18. క్రమం, బాధ్యతకు వచ్చింది 0.10. పూర్తి సంబంధం ఉంటే ఒకటి వస్తుంది, ఏమీ లేకపోతే సున్నా వస్తుంది. మరి 0.18 అంటే మన భాషలో ఎంత? మీకు 100 మందిని చూపించాననుకోండి. సగం మంది ఒక వైపు, సగం మంది ఇంకో వైపు. ఎవరు ఎటో చెప్పమన్నాను. కళ్లు మూసుకుని బొమ్మా బొరుసా వేస్తే 50 మంది విషయంలో మీ మాట నిజమవుతుంది. ఇప్పుడు ఒక్కొక్కరి కొత్తదనపు స్కోరు మీ చేతిలో పెట్టాను. ఎన్ని సరిగ్గా చెబుతారు? లెక్కగట్టే పద్ధతిని బట్టి 55కీ 60కీ మధ్య. అంతే. మిగతా 40కి పైచిలుకు మంది మీ అంచనాకు ఎదురుగా ఓటేస్తారు.

ఇది తీసిపారేయాల్సిన అంకె కాదు సుమా. లక్షల ఓట్లు పడే చోట, వందల ఓట్ల తేడాతో గెలిచే చోట, నూటికి ఐదుగురు అటు ఇటు కావడం పెద్ద విషయమే. జనం మొత్తాన్ని చూసేటప్పుడు ఈ అంకెకు విలువ ఉంది. ఒక మనిషిని చూసేటప్పుడు మాత్రం దాదాపు లేదు. ఫలానా పార్టీకి ఓటేశాడంటే వాడికి భయమెక్కువ, ఈ పార్టీకి ఓటేసిందంటే ఆవిడ బాధ్యత తెలియని మనిషి అని తీర్పులిస్తుంటాం చూడండి, 0.18 ఆ తీర్పును మోయలేదు. ఎదుటి పార్టీ ఓటరు మనస్సులో ఏదో లోపం ఉందని తేల్చడానికి ఈ పరిశోధనను వాడుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే అంకెల దగ్గర ఇంతసేపు ఆగాను.

ఇప్పుడు మీ అందరితో ఒక చిన్న పని చేయిస్తాను. నాలుగు ప్రశ్నలు అడుగుతాను, పైకి చెప్పకండి, మనసులో అనుకోండి. పిల్లలకు ఏది ఎక్కువ ముఖ్యం? సొంతంగా నిలబడటమా, పెద్దల పట్ల గౌరవమా? కుతూహలమా, మంచి నడవడికా? చెప్పిన మాట వినడమా, తన పని తాను చేసుకోగలగడమా? ఎదుటివాళ్ల గురించి ఆలోచించడమా, బుద్ధిగా మసలుకోవడమా? రెండూ ముఖ్యమే అంటారు, నాకు తెలుసు. ఒక్కటే ఎంచుకోవాలి.

ఈ నాలుగింటిలో పార్టీ ఉందా? నాయకుడున్నాడా? పన్నులున్నాయా? ఏదీ లేదు. అయినా అమెరికాలో ప్రతి పెద్ద ఎన్నికకూ చేసే జాతీయ ఎన్నికల సర్వేలో 1992 నుంచి ఈ ప్రశ్నలు అడుగుతున్నారు. గౌరవం, నడవడిక, మాట వినడం, బుద్ధిగా ఉండటం వైపు మొగ్గినవాళ్లు కట్టుబాటు, ఐక్యత, గట్టి నాయకత్వం కోరుకుంటారని ఆ ప్రశ్నలు రాసిన పరిశోధకుల అంచనా. ఇంత చుట్టుతిరుగుడు ఎందుకు? దానికో కారణముంది. 1950లో అడార్నో, మరి ముగ్గురు కలిసి నియంతృత్వానికి తలవంచే మనస్తత్వం మీద పెద్ద పుస్తకం రాశారు. రెండో ప్రపంచ యుద్ధం గాయం ఇంకా పచ్చిగా ఉంది. మామూలు మనుషులు ఫాసిజం వెనక ఎలా నడిచారు అన్నది వాళ్లను నిద్రపోనివ్వని ప్రశ్న. మంచి ప్రశ్నే. కానీ వాళ్ల ప్రశ్నావళిలో ఒక ఇబ్బంది. వాక్యాలన్నీ ఒకే వైపు రాశారు. ఔను అన్నవాళ్లకల్లా స్కోరు పెరుగుతుంది. అడిగిందల్లా ఔననే మొహమాటస్తుడు కూడా నియంతృత్వవాది లెక్కలోకి వచ్చేస్తాడు. తర్వాత కెనడాలో ఆల్టమేయర్ ఔను వైపు కొన్ని, కాదు వైపు కొన్ని వాక్యాలు రాసి దాన్ని సరిచేశారు. అయినా ఆ వాక్యాల్లో రాజకీయం ఉండనే ఉంది. రాజకీయం కలిసిన ప్రశ్నతో రాజకీయాన్ని అంచనా వేస్తే కొత్తగా తేలేదేముంది? అందుకే పిల్లల పెంపకం ప్రశ్నలు పుట్టాయి. వీటికీ హద్దుంది. అమెరికాలోనే నల్లవారికీ తెల్లవారికీ ఈ నాలుగు ప్రశ్నలు ఒకే అర్థం ఇవ్వడం లేదని 2014లో పెరెజ్, హెదరింగ్టన్ చూపించారు. తన బిడ్డ వీధిలో క్షేమంగా తిరిగి రావాలంటే చెప్పిన మాట వినడం నేర్పాల్సిన తల్లి ఉంటుంది. ఆమె జవాబు ఆమె స్వభావమా, ఆమె పరిస్థితా?

పరిస్థితి అన్న మాట వచ్చింది కాబట్టి, నా మట్టుకు నాకు ఈ మొత్తం పరిశోధనలో అన్నిటికంటే బరువైన ఫలితం ఏదో ఇప్పుడే చెబుతాను. 1997లో ఫెల్డ్‌మన్, స్టెన్నర్ చూసిందేమిటంటే, కట్టుబాటు కోరే స్వభావం ఉన్నంత మాత్రాన మనిషి ఎప్పుడూ ఒకేలా ప్రవర్తించడు. అంతా సవ్యంగా ఉందనుకున్నప్పుడు వాళ్లకూ మిగతావాళ్లకూ పెద్ద తేడా ఉండదు. సమాజం చీలిపోతోంది, నాయకులు దారి తప్పారు, దేశం ప్రమాదంలో ఉంది అనిపించినప్పుడు ఆ స్వభావం లేస్తుంది. లేచినప్పుడు తేడా కనబడుతుంది. దీనర్థం ఏమిటో ఆలోచించండి. ఎన్నికల ప్రచారంలో భయం ఎందుకు అంత పనిచేస్తుంది? అది మన స్వభావాన్ని మార్చదు. మార్చాల్సిన అవసరమే లేదు. ఉన్నదాన్ని నిద్ర లేపితే చాలు. ఎన్నికలకు ముందు మీ ఫోనులోకి వచ్చిన మెసేజ్‌లు ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. రోడ్లు, నీళ్లు, ఉద్యోగాల గురించి ఎన్ని, ముంచుకొస్తున్న ముప్పు గురించి ఎన్ని? ఎవరి పార్టీ అని నేను అడగడం లేదు. అన్ని పార్టీలవీ చూడండి.

దేశం మారితే కథ మారుతుందా? మారుతుంది. కొత్తదనం కోరేవాళ్లు వామపక్షం వైపు అన్నాను కదా. పశ్చిమ యూరప్‌లో కనబడిన ఈ సంబంధం తూర్పు యూరప్‌లో, ఒకప్పటి కమ్యూనిస్టు దేశాల్లో అలాగే నిలబడలేదు. ఎందుకుంటుంది? అక్కడ దశాబ్దాల పాటు పాత వ్యవస్థ అంటేనే వామపక్షం. క్రమం, భద్రత కోరే మనిషి పాతదాన్ని తలచుకుంటాడు, ఆ పాతది అక్కడ ఎర్రజెండా. 2014లో మాల్కా, మరికొందరు 51 దేశాల సమాచారం చూసి ఇంకో ముడి విప్పారు. భద్రత, నిశ్చయం ఎక్కువగా కోరుకునేవాళ్లు కుటుంబం, ఆచారం లాంటి విషయాల్లో సంప్రదాయం వైపే ఉన్నారు. డబ్బు విషయానికి వచ్చేసరికి చాలాచోట్ల ప్రభుత్వమే ఆదుకోవాలి అన్నారు. ఒకే మనిషి, ఒకే స్వభావం, ఒక విషయంలో కుడి, అంటే సంప్రదాయవాదం, ఇంకో విషయంలో ఎడమ, అంటే వామపక్షం. ఇందులో వింతేముంది? భయస్తుడికి ఆచారమూ ఆసరాయే, పెన్షనూ ఆసరాయే. ఆ రెండింటినీ కలిపి ఇచ్చే పార్టీ ఉంటే అటు వెళతాడు, లేకపోతే ఆ ఎన్నికలో ఏది ముందుకొస్తే దాన్ని బట్టి వెళతాడు.

ఎవరికి ఓటేస్తారన్నది పక్కన పెడితే, అసలు ఓటేస్తారా లేదా? ఇక్కడ నలుగురిలో కలిసే చొరవ కొంత పనిచేస్తుంది, ముఖ్యంగా సభలకు వెళ్లడం, ఇంటింటికీ తిరగడం, పదిమందితో వాదించడం లాంటి పనుల్లో. బాధ్యత ఎక్కువున్నవాళ్లు తప్పకుండా ఓటేస్తారనుకుంటాం. విచిత్రంగా ఆ ఫలితం ఒక్కో అధ్యయనంలో ఒక్కోలా వచ్చింది. బాధ్యత దేనికి? ఓటును బాధ్యత అనుకుంటేనే కదా ఆ గుణం అక్కడ పనిచేసేది. ఆఫీసు పనే తన మొదటి బాధ్యత అనుకునే మనిషి పోలింగ్ రోజున కూడా ఆఫీసులోనే కూర్చుంటాడు.

స్వభావం పక్కన పరిస్థితి ఎంత బలమైనదో చూపే ప్రయోగం ఒకటుంది. 2006 ఆగస్టులో అమెరికాలోని మిషిగన్‌లో ప్రైమరీ ఎన్నిక, అంటే పార్టీల అభ్యర్థులను ఓటర్లే ఎంచుకునే ముందస్తు ఎన్నిక. గెర్బర్, గ్రీన్, లారిమర్ దాదాపు 1,80,000 ఇళ్లను ఎంచుకుని కొన్నింటికి ఉత్తరాలు పంపారు, కొన్నింటికి పంపలేదు. ఉత్తరాలు రకరకాలు. ఒక రకం ఉత్తరంలో ఆ ఇంట్లోవాళ్ల పేర్లు, వీధిలో ఇరుగుపొరుగు పేర్లు, ఎవరు గత ఎన్నికల్లో ఓటేశారు, ఎవరు వేయలేదు అన్నీ పట్టికలా ఉన్నాయి. ఈ ఎన్నిక అయ్యాక కొత్త పట్టిక పంపుతామనీ రాశారు. అక్కడ ఎవరికి ఓటేశారన్నది రహస్యమే, ఓటేశారా లేదా అన్నది మాత్రం బహిరంగ రికార్డు. ఫలితం? ఉత్తరం రానివాళ్లలో 29.7 శాతం ఓటేశారు. ఈ ఉత్తరం వచ్చినవాళ్లలో 37.8 శాతం. ఒక్క కాగితం, ఎనిమిది శాతం తేడా. వీధిలో తల ఎత్తుకుని తిరగాలన్న ఆలోచన చొరవ ఉన్నవాడినీ, లేనివాడినీ కలిపి పోలింగ్ బూత్‌కు నడిపించింది. ఇలాంటి ఉత్తరం పంపడం నాకు సమ్మతం కాదు, అది మనుషుల్ని సిగ్గుతో తోలడమే. పరిస్థితికి ఎంత బలముందో చెప్పడానికి మాత్రం ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇంకో ప్రశ్న మీలో కొందరికి వచ్చే ఉంటుంది. స్వభావం ఓటును నడిపిస్తోందా, లేక ఓటే స్వభావాన్ని నడిపిస్తోందా? చాలా మంచి ప్రశ్న. స్వభావమే ముందు పుడుతుంది, రాజకీయం తర్వాత వస్తుంది కాబట్టి మొదటిదే నిజమని చాలాకాలం అనుకున్నారు. 2012లో వర్హుల్స్ట్, ఈవ్స్, హటెమి కవలల సమాచారం చూసి, రెండింటి వెనకా ఒకే జన్యు ప్రభావం ఉందనీ, ఒకటి ఇంకోదానికి కారణం కాకపోవచ్చనీ అన్నారు. ఆ వ్యాసానికి 2016లో పెద్ద సవరణ ప్రచురించాల్సి వచ్చింది. సమాచారం ఎక్కించేటప్పుడు ఎడమకూ కుడికీ ఇచ్చిన అంకెలు తారుమారయ్యాయి. సంప్రదాయవాదులకు అంటగట్టిన లక్షణాలు ఉదారవాదులవిగా, ఉదారవాదులవి సంప్రదాయవాదులవిగా తేలాయి. కారణం గురించి చెప్పిన ముఖ్యమైన మాట మారలేదని రచయితలు అన్నారు. నన్ను ఆలోచింపజేసేది ఇంకొకటి. ఆ ఫలితం తమకు నచ్చినట్టు ఉంది కాబట్టి ఇన్నేళ్లు ఎంతమంది మారు మాట్లాడకుండా దాన్ని ఉదహరించారో! తర్వాత 2021లో బకర్, లెల్కెస్, మాల్కా కలిసి చూపించింది ఏమిటంటే, సర్వేల్లో మనుషులు తమ స్వభావం గురించి ఇచ్చే జవాబులను కూడా వాళ్ల రాజకీయం కొంత ప్రభావితం చేస్తోంది. మావాళ్లు విశాల హృదయులు అనుకునే పక్షంలో ఉన్నవాడు తనను తాను విశాల హృదయుడిగానే రాసుకుంటాడు. అంటే దారి రెండు వైపులా ఉంది.

చివరగా, కేంబ్రిడ్జ్ అనలిటికా, ఎన్నికల ప్రచారాలకు ఓటర్ల సమాచారం విశ్లేషించిపెట్టిన బ్రిటన్ సంస్థ. అడక్కుండా వదలరని తెలుసు. ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్‌ను దాదాపు 2.7 లక్షల మంది వాడారు. వాళ్ల స్నేహితుల సమాచారం కూడా లాగడంతో 8.7 కోట్ల మంది దాకా వివరాలు బయటికి పోయి ఉండొచ్చని 2018లో ఫేస్‌బుక్ ఒప్పుకుంది. మనుషుల స్వభావం పసిగట్టి, దానికి సరిపోయే ప్రకటన చూపించి ఓటు మార్చగలమని ఆ సంస్థ చెప్పుకుంది. సాధ్యమేనా? లైకులను బట్టి స్వభావం పసిగట్టడం కొంతవరకు సాధ్యమే. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో, పది లైకులు చూసిన కంప్యూటర్ తోటి ఉద్యోగి కంటే బాగా, మూడు వందలు చూసినది జీవిత భాగస్వామి కంటే బాగా మనిషి స్వభావం చెప్పింది. ఆ అంచనాకూ అసలు స్వభావానికీ మధ్య సహసంబంధం 0.56. బాగానే ఉంది కదా. ఇప్పుడు దాన్ని ఇందాకటి 0.18తో గుణించండి. 0.10 వస్తుంది. లైకుల నుంచి స్వభావానికి, స్వభావం నుంచి ఓటుకు, ఈ చుట్టుదారిలో వెళితే చేతికి చిక్కేది అంతే. బొమ్మా బొరుసు కంటే కాస్త నయం. బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం కూడా దర్యాప్తు ముగించి 2020లో, ఆ సంస్థ వాడినవి చాలావరకు అందరికీ అందుబాటులో ఉన్న పద్ధతులేనని తేల్చింది.

అయితే నిశ్చింతగా ఉండొచ్చా? ఉండకూడదు. ఎందుకంటే ఆ చుట్టుదారి అక్కర్లేనే లేదు. 2013లో కొసిన్‌స్కీ, మరి ఇద్దరు లైకుల నుంచి నేరుగా, మధ్యలో స్వభావం ఊసే లేకుండా, ఒక డెమొక్రాట్‌నీ ఒక రిపబ్లికన్‌నీ పక్కపక్కన పెడితే 85 శాతం సార్లు ఎవరు ఎవరో సరిగ్గా చెప్పగలిగారు. మన మనసు లోతుల్లోకి ఎవరూ దిగనవసరం లేదు. మనం పైన వదిలిన అడుగుజాడలు చాలు. కాబట్టి మన స్వభావాన్ని చదివేస్తారన్న టెన్షన్ కంటే, మన సమాచారం ఎవరి దగ్గర ఉంది, ఎవరికి అమ్ముతున్నారు, అడిగితే తీసేస్తారా లేదా అన్న ప్రశ్నలు నాకు ముఖ్యంగా కనబడుతున్నాయి. చట్టాలు చేసేవాళ్లను నిలదీయాల్సింది వీటి మీద.

నేను చెప్పాలనుకున్నవి అయ్యాయి. మైకు వెనక్కి పంపిస్తున్నాను, ప్రశ్నలు ఉన్నవాళ్లు చేతులెత్తండి.